‘సెలెక్టెడ్’ అన్నాక వాక్యం ఇంకా ఉంది!

ఉద్దానం పల్లెల్లో గల్ఫ్‌కి వెళ్లే వెల్డర్లకీ, ఫిట్టర్లకీ కొదవలేదు. సోంపేట, పలాస, టెక్కలి... ఏ ఊరికెళ్లినా వీధికొకరైనా ‘ఆఫర్ లెటర్’ చూసినవాళ్లు ఉంటారు. ఆ కాగితం ఇంటికి రాగానే ఇంటిల్లిపాదీ వెతికేది ఒక్క మాట కోసమే... ‘సెలెక్టెడ్’. అది కనపడిందా, ఇక అంతే! అమ్మ దేవుడి ముందు దీపం పెడుతుంది. నాన్న ఎవరి దగ్గర అప్పు పుడుతుందా అని లెక్కలు వేస్తాడు. ఆ మాట పక్కనే చిన్న అక్షరాల్లో ‘ప్రొవైడెడ్ దట్...’ అని ఇంకో రెండు లైన్లు ఉంటాయి. వైద్య పరీక్షలో నెగ్గితేనే, వీసా వస్తేనే, అక్కడి ట్రేడ్ టెస్ట్ పాసైతేనే అని. వాటి జోలికి ఎవరూ పోరు.

ఎందుకు పోరు? ఇంగ్లిష్ రాక అనుకుంటాం. పదో తరగతి చదివిన కుర్రాడికి ఆ మాటల అర్థాలు తెలియక కాదు. అసలు చిక్కు మన తెలుగులోనే ఉంది.

తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. ‘మెడికల్ పాసైతే నిన్ను తీసుకుంటాం’ అంటాం. షరతు ముందు, కబురు తర్వాత. ‘తీసుకుంటాం’ అన్నామంటే వాక్యం అయిపోయినట్టే. పుట్టినప్పటి నుంచీ చెవికి అదే అలవాటు. ఇంగ్లిష్‌వాడు దీన్ని తిరగేస్తాడు. కబురు ముందు చెప్పేస్తాడు... ‘సెలెక్టెడ్’, ‘శాంక్షన్డ్’, ‘అప్రూవ్డ్’. ఈ మాటలన్నీ పని అయిపోయినట్టే వినిపిస్తాయి. షరతు మాత్రం వాటి వెనకాల నింపాదిగా వస్తుంది. మన మనసు ‘సెలెక్టెడ్’ దగ్గరే పూర్ణవిరామం పెట్టేసుకుంటుంది. బ్యాంకు లోను కాగితమైనా, కాలేజీ సీటు ఉత్తరమైనా ఇదే తంతు.

ఇంతకీ ఈ ‘ప్రొవైడెడ్’ కూడా ఒకప్పుడు మామూలు క్రియే. లాటిన్‌లో దాని మూలానికి ‘ముందుగా చూడటం’ అని అర్థం. అందులోంచే ‘ఏర్పాటు చేయడం’ వచ్చింది. ‘ఫలానాది ఏర్పాటై ఉంటే’ అని వాడగా వాడగా చివరికి షరతు చెప్పే మాటగా స్థిరపడింది. తెలుగులో దానికి సరిసాటి ‘-తేనే’. ‘-తే’ కాదు సుమా! ‘పాసైతే’కీ ‘పాసైతేనే’కీ ఉన్న తేడా... ఆ ఒక్క ‘నే’లోనే ఉంది.

దాని తోబుట్టువులతో కాస్త జాగ్రత్తగా ఉండాలి. ‘గివెన్ దట్’ అంటే షరతు కాదు, ‘కాబట్టి’ అని. జరిగిపోయిన సంగతి. కానీ ‘గివెన్ ఎ చాన్స్’ అంటే ‘అవకాశమిస్తే’ అని షరతే! ‘గ్రాంటెడ్’ అంటే ‘సరే, ఒప్పుకుంటాను’ అని... ఆ వెనకాలే ‘కానీ’ ఒకటి కాచుకుని ఉంటుంది.

ఒక్క ‘ప్రొవైడెడ్’ ఎంత పని చేస్తుందో మన రాష్ట్రానికి తెలిసినంతగా మరెవరికీ తెలియదేమో. రాజ్యాంగం మూడో అధికరణ కొత్త రాష్ట్రాలు ఏర్పాటు చేసే అధికారం పార్లమెంటుకు ఇచ్చింది. దాని కింద ఈ మాటతోనే ఒక షరతు మొదలవుతుంది. రాష్ట్రపతి సిఫార్సు ఉండాలి, ఏ రాష్ట్రం సరిహద్దులు మారతాయో ఆ శాసనసభ అభిప్రాయం కోసం బిల్లును పంపాలి అని. అభిప్రాయం అనే ఉంది, అంగీకారం అని లేదు! 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఆ ఫిబ్రవరిలోనే పార్లమెంటు దాన్ని ఆమోదించింది. ‘సభ వద్దంది కదా, ఆగిపోతుంది’ అనుకున్నవాళ్లు ఆ షరతును మరోసారి చదువుకోవాల్సి వచ్చింది.

షరతు వెనకే రావడం మనకు మరీ కొత్తా అంటే... వాక్యంలో కొత్తే గానీ, మాటలో కాదు. ‘వచ్చినచో’ తీసుకోండి. ‘వచ్చిన’ అనేది జరిగిపోయిన పని చెప్పే రూపం. దాని తోకకు ‘చో’ అంటే చోటు. వచ్చిన చోట అన్నమాట. ‘వచ్చినయెడల’, ‘వచ్చినట్లయితే’, ‘వచ్చిన పక్షంలో’... అన్నీ ఇదే బాపతు. జరగని పనిని జరిగినట్టు చెప్పి, దాని వెనక షరతు తగిలించడం. పాత వ్యాకరణాలు ‘వచ్చినన్’ లాంటి రూపాన్ని చేదర్థకం అన్నాయి. పేరు వింటేనే భయం వేస్తుంది కదూ! సంస్కృతంలో ‘చేత్’ అంటే ‘అయితే’ అని, అంతే.

ఇలాంటి రూపాలు పుస్తకాల్లో ఒకలా, జనం నోట్లో ఒకలా ఎందుకుండాలని పోరాడినవాడు మన శ్రీకాకుళం మనిషే. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణం అచ్చు వేయించాడాయన. ఆ ఉద్యమం గెలిచింది, ‘వస్తే’ పత్రికల్లోకి వచ్చింది. ‘చెల్లించనిచో’ మాత్రం కరెంటు బిల్లుల్లోనూ కోర్టు నోటీసుల్లోనూ ఇంకా దర్జాగా కూర్చుని ఉంది.

మన ఉత్తరాంధ్ర పెద్దలయితే దీన్నీ దాటేశారు. ‘సెట్టెక్కినావంటే పడిపోతావురా!’ అంటుంది అమ్మమ్మ. వాడింకా చెట్టు మొదట్లోనే ఉన్నాడు! అయినా ‘ఎక్కినావు’ అని భూతకాలం. ఇంగ్లిష్‌లో భూతకాలంతో అలా అంటే ‘ఎక్కవనుకో, ఒకవేళ ఎక్కితే...’ అని పలచబడుతుంది. అమ్మమ్మ నోట అది ఇంకా గట్టి పడుతుంది.

పిల్లలకు పరీక్షల్లో మార్కులు పోయేది ‘-తే’ దగ్గరే. అది షరతే అనుకుంటాం గానీ, ‘నిన్న బజారుకెళ్తే మీ మావయ్య కనబడ్డాడు’లో షరతు ఎక్కడుంది? వెళ్లడం, కనబడటం రెండూ జరిగిపోయాయి. అక్కడ ‘ఇఫ్’ రాస్తే తప్పు, ‘వెన్’ రాయాలి. మా న్యూస్‌రూమ్‌లో కొత్తగా చేరినవాళ్లూ దీనికి అటువైపున జారిపడతారు. ఏజెన్సీ వార్తలో ‘ఆస్క్‌డ్ ఇఫ్...’ అని వస్తుంది. ‘ఇఫ్’ కనపడగానే ‘పోటీ చేస్తే’ అని రాసేస్తారు. అది ‘పోటీ చేస్తారా అని అడగ్గా’. అక్కడి ‘ఇఫ్’ ప్రశ్న, షరతు కాదు. దాని బదులు ‘వెదర్’ పెట్టి చూడండి. అర్థం మారకపోతే అది ప్రశ్నే. అదే ‘ఇఫ్ ఆస్క్‌డ్’ అని వరస తిరిగితే మళ్లీ షరతు... ‘అడిగితే’. రెండు మాటలు అటూ ఇటూ అయినంత మాత్రాన మంత్రిగారి ప్రకటన మారిపోతుంది!

ఇంటర్ పిల్లల్ని ఏడిపించే ‘హ్యాడ్’, ‘వుడ్ హ్యావ్’లకు మాత్రం తెలుగులోనే తాళంచెవి ఉంది. ‘నువ్వు చెప్పి ఉంటే నేను వచ్చి ఉండేవాణ్ని.’ ‘ఉంటే’ ఉన్నచోట ‘హ్యాడ్’, ‘ఉండే’ ఉన్నచోట ‘వుడ్ హ్యావ్’. ‘ఇఫ్’ పక్కన ‘వుడ్ హ్యావ్’ రాసే అలవాటు దీంతో సగం పోతుంది. గైడు పుస్తకాల్లో మూడు రకాల పట్టికలు బట్టీ పట్టడం కంటే ఇది తేలిక.

మళ్లీ ఆ ఉత్తరం సంగతికొస్తే... ఇంట్లో ఎవరికైనా అలాంటిది వస్తే ‘సెలెక్టెడ్’ తర్వాతి భాగాన్ని ముందు తెలుగులో రాసుకోండి. ‘వైద్య పరీక్షలో నెగ్గితేనే, వీసా వస్తేనే...’ అని మొదలుపెట్టి, ‘తీసుకుంటాం’ అనేది చివర పెట్టండి. ‘ప్రొవైడెడ్’ ఒక్కటే కాదు, ‘సబ్జెక్ట్ టు’ అన్నా, ‘ఇఫ్ ఫౌండ్ ఫిట్’ అన్నా, ‘అన్‌లెస్’ అన్నా ఇదే పద్ధతి. ‘అన్‌లెస్’లో ‘కాకపోతే’ లోపలే ఉంటుంది కనుక దానికి ఇంకో ‘నాట్’ కలపొద్దు. ఏజెంటుకు కట్టాల్సిన డబ్బు గురించి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.