చదువు, తర్బియత్, తెడ్డు

ఉర్దూలో తాలీమ్, తర్బియత్ అనే రెండు మాటలు జంటగా వినిపిస్తాయి. మొదటిది చదువు; రెండవది మనిషిని తీర్చిదిద్దే పెంపకం. తెలుగులో గురుకులమనే ఒక్క మాటలో ఈ రెండూ ఇమిడి ఉన్నాయి. శిష్యుడు గురువు ఇంటనే ఉండి, అక్కడే తిని, అక్కడే నిద్రించి విద్య గడించేవాడు. నేటి మన వసతి పాఠశాలలలో తాలీమ్‌కు కాలపట్టిక ఉన్నది. తర్బియత్‌కు మాత్రం చాలాచోట్ల వేళ లేదు, దానికై నియమించిన మనిషీ లేడు. ఈ లోటును గురించి మా అభిప్రాయాన్ని పాఠకుల ముందుంచదలచాము.

వసతి విద్య మన జంటనగరాలకు కొత్తది కాదు. 1923లో జాగీర్దారుల కుమారుల కోసం నెలకొల్పిన బేగంపేట కళాశాలయే తరువాత హైదరాబాదు పబ్లిక్ స్కూలుగా రూపొందింది. ఆనాడు అది సంపన్నుల సొత్తు. 1971లో శ్రీ పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా నల్లగొండ జిల్లా సర్వేలులో వెలసిన గురుకుల పాఠశాల ఆ తలుపును పేద పిల్లలకు తెరిచింది. 2016లో తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ బాలబాలికల కోసం ప్రత్యేకంగా గురుకులాలను ప్రారంభించింది. 1893 నుంచి రైల్వే కార్ఖానాను నమ్ముకొని బ్రతుకుతున్న మా లాలాగూడ వంటి పేటలకు ఇది చిన్న వరం కాదు. ఇరుకు గదిలో, ఒక్క దీపం క్రింద నలుగురు చదువుకొనే ఇళ్ళు మాకు తెలియనివి కావు.

అయితే తలుపు తెరిచినంత మాత్రాన ఇల్లు కాదు. లోపల ఎవరు ఉన్నారన్నదే ప్రశ్న.

మేము కొంతకాలం ఒక వసతి పాఠశాలలో పాఠాలు చెప్పడంతోపాటు పడవ పందేలకు బాలురను తయారు చేశాము. నలుగురు తెడ్డు వేసే పడవ అది. దారి చూపే అయిదవవాడు చుక్కాని పట్టి కూర్చుంటాడు. తెడ్డు వేసేవారి వీపులు గమ్యం వైపు ఉంటాయి. తాము చేరవలసిన చోటు వారికి కనిపించదు. దారి చూపేవాని మాట మీద, ముందున్నవాని వీపు కదలిక మీద నమ్మకముంచి లాగవలసిందే. కొత్తవారు చేతుల బలంతో లాగుతారు. నిజానికి బలమంతా కాళ్ళలో ఉన్నది. ఒకడు తొందరపడినా, ఒకడు వెనుకబడినా తెడ్డు నీటిలో చిక్కుకొని పడవ మొత్తం తడబడుతుంది. ఇదంతా పుస్తకాలు చదివి నేర్చుకొన్నాము, నేర్పాము కూడా.

కాని ఒక రంజాను మాసంలో మా తెలివి ఏపాటిదో తెలిసివచ్చింది. అప్పటికి మేము వసతిగృహంలో ఉండేవారము కాము. తెల్లవారగానే ఇంటి నుంచి వచ్చి సాధన చేయించి వెళ్ళేవారము. జట్టులో అందరికంటె బలిష్ఠుడైన ఒక బాలుడు ఆ ఉదయం పదే పదే తెడ్డు జారవిడిచాడు. సోమరితనమని తోటివారి ముందే కసిరాము. అతడు తల వంచుకొన్నాడే గాని బదులు పలుకలేదు. ఆ రాత్రి వంటమనిషి చెప్పగా తెలిసింది: జ్వరంతో మూలుగుతున్న ఒక చిన్న పిల్లవాని ప్రక్కన తెల్లవార్లూ కూర్చొని, సెహరీ వేళ దాటిపోగా, ఏమీ తినకుండానే రోజా ఉండి పడవ ఎక్కాడట. మేము సోమరితనమన్నది ఆ పిల్లవాని తర్బియత్. లోటు మాలో ఉన్నది. మరునాడు ఆ నలుగురి ముందే తప్పు ఒప్పుకొన్నాము. నెల తిరుగకముందే వసతిగృహంలోని ఒక గదిలోకి మకాం మార్చాము.

తరువాతనే మాకు పిల్లలు కనిపించారు. ఎవరు దీపాలార్పిన తరువాత ఏడుస్తారో, ఎవరు ఇంటి నుంచి ఉత్తరం రాలేదని అన్నం మానేస్తారో, ఎవరు లెక్కలు రాక కడుపునొప్పి నటిస్తారో తరగతి గదిలో తెలిసే సంగతులు కావు.

ఇందుకు రెండు ఆక్షేపణలు వినిపిస్తాయి. ఉపాధ్యాయునికీ సంసారమున్నదనేది మొదటిది. ఇది న్యాయమైన మాట. పగలంతా పాఠాలు చెప్పినవారిపైనే రాత్రి కాపలా కూడా మోపడం సేవ అనిపించుకోదు, శ్రమదోపిడి అనిపించుకొంటుంది. కనుక ఆవరణలోనే కుటుంబానికి ఇల్లు ఇవ్వాలి. పగటి పీరియడ్లు తగ్గించాలి. రాత్రి బాధ్యత వంతులవారీగా పంచాలి. అంతేకాదు, ఒక్క పెద్దవాని చేతిలోనే పిల్లల బ్రతుకంతా పెట్టడమూ క్షేమం కాదు. పిల్లవాడు తన గోడు చెప్పుకొనేందుకు మరొక తలుపు ఎప్పుడూ తెరిచి ఉండాలి.

పేదల పిల్లలకు దొరల ఆట ఎందుకనేది రెండవ ఆక్షేపణ. 1829లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విద్యార్థుల మధ్య మొదలైన పందెమే అందరికీ గుర్తుకు వస్తుంది. కాని నాసిక్ జిల్లాలోని కరవు గ్రామంలో పుట్టి, బావులు తవ్వే పనికి వెళ్ళిన దత్తు భొకనాళ్ సైన్యంలో చేరిన తరువాతనే తెడ్డు పట్టాడు. 2016లో రియో ఒలింపిక్సులో పాల్గొన్నాడు. 2018 ఆసియా క్రీడలలో నలుగురి జట్టులో బంగారు పతకం సాధించాడు. నీటికి కులగోత్రాలు తెలియవు. అయితే ఈత రానివానిని పడవ ఎక్కించరాదు. కుతుబ్‌షాహీల నాటి హుసేన్‌సాగర్ మన పొరుగుననే ఉన్నది. దానిలో చేరే మురుగును ఆపడం కూడా పిల్లల చదువులో భాగమే. ప్రతి పాఠశాలకు పడవలు కొనలేకపోతే నాలుగైదు పాఠశాలలు కలిసి వాడుకోవచ్చును.

మేము కోరేది ఇంతే: వసతి పాఠశాలల గొప్పను ఉత్తీర్ణతా శాతాలతో మాత్రమే కొలువవద్దు. రాత్రి జ్వరం వచ్చిన పిల్లవాని ప్రక్కన ఎవరు కూర్చున్నారని కూడా అడగండి. తల్లిదండ్రులు గమ్యం వైపు వీపు పెట్టి, మన మాట మీద నమ్మకంతో తమ పిల్లలను మనకు అప్పగించారు. చుక్కాని పట్టినవారు పడవలోనే ఉండాలి గదా!