మూసిన ఖాతాలో మొలిచిన బాకీ

మన పల్లెల్లో అప్పు తీరడమంటే కంటికి కనబడే సంగతి. అసలూ వడ్డీ లెక్క కట్టి చేతిలో పెట్టాక, ప్రోనోటు వెనక్కి తీసుకుని అక్కడే చించేస్తారు. నెల్లూరు జిల్లా బోగోలు మండలం జువ్వలదిన్నెలో ఫిషింగ్ హార్బర్ వచ్చాక బ్యాంకులతో పని పెరిగింది. ఫోను కొన్నా, ఇంజను సామాన్లు కొన్నా కార్డు ఉందా అని అడిగే రోజులివి. ఆ కార్డు వద్దనుకుంటే మాత్రం చించడానికి ప్రోనోటు ఉండదు. చివరి బిల్లు కట్టి, కార్డును కత్తెరతో ముక్కలు చేసి, పీడ వదిలిందనుకుంటారు. ఖాతా మాత్రం బ్యాంకు కంప్యూటరులో బతికే ఉంటుంది.

కొన్ని నెలలకు ఫోనుకు మెసేజ్ వస్తుంది. వార్షిక రుసుము, దాని మీద 18 శాతం జీఎస్టీ, కట్టనందుకు లేటు ఫీజు, ఆ ఫీజు మీద మళ్లీ జీఎస్టీ. ఆ తర్వాత రికవరీ వాళ్ల ఫోన్లు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల చేపల వేట నిషేధంలో పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. ప్రభుత్వం ఇచ్చే 20 వేల రూపాయల భృతితో ఇల్లు గడవాలి. అలాంటప్పుడు వాడని కార్డుకు వెయ్యి రూపాయలు కట్టడం చిన్న సంగతి కాదు. అయినా చాలామంది కట్టేస్తారు. పోనీలే, ఈ గోల వదులుతుందని. ఆ విసుగును తప్పుపట్టలేం. కానీ అలా కట్టినప్పుడు, లేని బాకీని మనమే ఒప్పుకున్నట్టు కాగితాల్లో మిగిలిపోతుంది.

నిజానికి నిబంధనలు ఈ విషయంలో కార్డుదారు పక్షానే ఉన్నాయి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, బాకీలేమీ లేకుండా ఖాతా మూయమని అడిగితే ఏడు పని దినాల్లో మూయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున కార్డుదారుకే చెల్లించాలి. ఉత్తరం పోస్టులో పంపితేనే మూస్తామని పట్టుబట్టకూడదు. మూసిన వెంటనే ఆ సంగతి తెలియజేయాలి. బిల్లు తప్పని ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లోగా వివరణ ఇవ్వాలి, అవసరమైన చోట ఆధారాలూ చూపాలి. కట్టని రుసుములను, పన్నులను అసలులో కలిపి వడ్డీ వేయకూడదు.

ఇంత స్పష్టంగా ఉన్న నిబంధనలోనూ ఒక సందు మిగిలిపోయింది. ఆ 500 రూపాయల హక్కు బాకీ లేనివాళ్లకే. మూయమని అడిగాక బ్యాంకు ఏదో ఒక రుసుము వేసిందంటే, ఆ రుసుమే బాకీ అవుతుంది, బాకీ ఉంది కనుక ఖాతా మూయరు, మూయలేదు కనుక మరో రుసుము పడుతుంది. ఈ సుడిలో చిక్కుకున్న మనిషికి ఎక్కడ తప్పు జరిగిందో కూడా తెలియదు. కార్డుదారు కాదంటున్న రుసుమును, తగవు తేలేదాకా బాకీగా లెక్కించకూడదని రిజర్వు బ్యాంకు ఒక్క వాక్యం చేర్చాలి. ఇది మేం గట్టిగా కోరుతున్న మార్పు.

న్యూఢిల్లీ జిల్లా వినియోగదారుల కమిషన్ 2023లో ఇచ్చిన తీర్పు ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఒక మాజీ పాత్రికేయుడు గడువు తీరిన తన కార్డును కొనసాగించలేదు. అయినా బిల్లులు వచ్చాయి, ఎగవేతదారుగా ఆయన పేరు నమోదైంది, మరో బ్యాంకులో కార్డుకు దరఖాస్తు చేస్తే తిరస్కరించారు. ఆయన వదల్లేదు. రెండు లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని ఎస్‌బీఐ కార్డ్స్ సంస్థను కమిషన్ ఆదేశించింది. తప్పుడు బిల్లు మనిషి పరపతిని ఎంత దూరం దెబ్బతీస్తుందో ఆ తీర్పు గుర్తించింది. రేపు పడవకో ఇంజనుకో రుణం అడగబోయే జువ్వలదిన్నె యువకుడికి ఆ మచ్చ ఇంకా ఖరీదైనది.

అయితే ప్రతి రుసుమూ అన్యాయమని అనలేం. చివరి బిల్లు తయారైన రోజుకూ డబ్బు కట్టిన రోజుకూ మధ్య వడ్డీ నడిచి ఉండొచ్చు. ఆటోడెబిట్ పెట్టి మరచిపోయిన చందా ఉండొచ్చు. అందుకే మూసేముందు ఆ రోజుకు కట్టాల్సిన పూర్తి మొత్తమెంతో రాతపూర్వకంగా అడిగి, కట్టి, బాకీ లేదన్న పత్రం తీసుకోవాలి. ఫోనులో చెబితే రిఫరెన్సు నంబరు రాసుకోవాలి. ఇవన్నీ చిన్న పనులే. తర్వాత తగవులో నిలబడేది మాత్రం ఆ కాగితాలే.

బ్యాంకు 30 రోజుల్లో బదులివ్వకపోయినా, ఇచ్చిన బదులు సరిగా లేకపోయినా ఫిర్యాదులు వినడానికి రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2021 నవంబరు 12న మొదలైన ఏకీకృత అంబుడ్స్‌మన్ పథకంలో ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు కేంద్రానికి ఫిర్యాదును తెలుగులోనే రాసి పంపొచ్చు. 14448 నంబరులోనూ తెలుగులో మాట్లాడొచ్చు. ఇంగ్లిషు రాదన్న బెరుకుతో ఎంతమంది తమది కాని బాకీ కడుతున్నారో తలచుకుంటే, ఈ ఒక్క సంగతి ఊరూరా చాటించాలనిపిస్తుంది. అక్కడా న్యాయం దొరకకపోతే నెల్లూరులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొనుగోలుకో సేవకో చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపుంటే అక్కడ కేసు వేయడానికి రుసుము కట్టనక్కర్లేదు.

వేట నిషేధం రోజుల్లో మత్స్యకారులు ఊళ్లోనే ఉంటారు. కావలి వైపు బ్యాంకుల అధికారులు ఆ రెండు నెలల్లో ఒక్క రోజైనా హార్బరుకు రావాలి. కొత్త కార్డులు అంటగట్టడానికి కాదు. పాత కార్డుల వివరాలు పట్టుకొచ్చిన వారి ఖాతాలు అక్కడే చూసి, మూయాల్సినవి మూసి, బాకీ లేదని సంతకం చేసిన కాగితం చేతికివ్వడానికి.