అరణ్యము వేరు, ఆరామము వేరు

కార్తికమాసము రాగానే తెలుగునాట వనభోజనముల సందడి మొదలగును. ఎవరింట పులిహోర కలుపవలెనో, ఎవరు చాపలు తేవలెనో పాఠశాలలలో పిల్లలు పంచుకొందురు. ఉపాధ్యాయులు బస్సు మాట్లాడుదురు. ఒక తరము క్రిందట ఈ భోజనమునకు వలసిన వనము ఊరి పొలిమేర దాటగనే ఉండెడిది. అది ఒక మామిడితోపో, చింతతోపో, చెరువుగట్టున నాలుగు ఉసిరిక చెట్లున్న తావో. పెద్దలు విస్తళ్లు పరచి వడ్డించుచుండగా పిల్లలు చెట్లెక్కి దిగి, ప్రొద్దు వాలునప్పటికి అందరును ఇండ్లకు చేరెడివారు. ఇప్పుడా బస్సు వంద కిలోమీటర్లకు పైగా పోయి నల్లమలలో ఆగుచున్నది. దిగినవారు తోపులో చేసిన పనులే అచటను చేయుచున్నారు. పొయ్యి రాజేయుదురు, పాటలపెట్టె మ్రోగింతురు, కోతులకు అరటిపండ్లు విసరుదురు, భోజనమైన పిదప ప్లాస్టిక్ పళ్లెములను పొదల మాటున పడవేసి బస్సెక్కుదురు. వారిలో దుర్బుద్ధి యేమియు లేదు. తాము వచ్చినది తోపు కాదని వారితో ఎవరును చెప్పలేదు, అంతే.

పూర్వము చదువు మొదలిడిన బాలునకు ఈ భేదము నోటికి వచ్చియుండెడిది. అమరకోశమున వనౌషధివర్గపు ఆరంభముననే అది యున్నది. అటవి, అరణ్యము, విపినము, గహనము, కాననము అనునవి ఒక వరుస. ఇంటిని అంటియుండు తోటకు మరియొక పేరు. ఆరామము, ఉపవనము అనువాటికి అమరసింహుడు చెప్పిన లక్షణము కృత్రిమత్వము. అనగా మనిషి నాటి, నీరు పోసి, పెంచిన వనమని భావము. ఆక్రీడము, ఉద్యానము అనునవి రాజు పరివారముతో కూడి విహరించు వనమునకు పేర్లు. ఆక్రీడమను మాటలోనే క్రీడ యిమిడియున్నది. అరణ్యమను మాటలో అది లేదు.

మన కవులు సైతము ఈ హద్దును పాటించిరి. అష్టాదశవర్ణనలలో వనవిహారము కలదు, జలక్రీడ కలదు. పూలు కోయుట, పొన్నల నీడల విశ్రమించుట మొదలగునవన్నియు నగరమునకు దాపుననున్న ఉపవనమున జరుగును. అరణ్యమునకు పోయిన కథానాయకుడు తపస్సునకో, వనవాసమునకో, వేటకో పోవును. మనుచరిత్రలో స్వరోచి అడవి సొచ్చినది మృగయకే. ఒక్క కావ్యమునందైనను నాయికా నాయకులు కీకారణ్యమున పిండివంటలతో విందు చేసికొన్నట్లు చదివినవారు అరుదు.

కౌటిల్యుడు కవి కాడు. పాలనకు సూత్రములు వ్రాసినవాడు. అయినను అర్థశాస్త్రము రెండవ అధికరణమున ఆయన చేసిన విభాగము నేటి అటవీశాఖాధికారికి సైతము పనికివచ్చును. రాజు విహారమునకు ఒక మృగవనమును ఏర్పరుపవలెనట. దానికి ఒకటే ద్వారము, చుట్టును అగడ్త, లోపల తియ్యని పండ్ల చెట్లు, లతలు, పొదలు, ముండ్ల చెట్లుండరాదు, జలాశయముండవలెను, అందలి మృగములు మచ్చికైనవి, క్రూరమృగములకు గోళ్లును కోరలును తీసివేసినవి. ఈ పద్ధతి నేడు కర్కశముగా తోచును గాని, దాని వెనుకనున్న యోచన స్పష్టము: విహారమునకు వలసిన వనమును మనుష్యుని కొలతకు తగినట్లు తీర్చిదిద్దవలెను. ఆ వెంటనే ఆయన రెండవ మృగవనమును గూర్చి చెప్పెను. అది దేశపు అంచున, నేల అనుకూలించిన చోట నుండవలెను. అచట సకల మృగములును అతిథులు. మొదటి వనమున మనుష్యుని కొరకు మృగమును మార్చిరి. రెండవ వనమున మృగములకే ఆతిథ్యము.

నల్లమల ఈ రెండవ తెగకు చెందిన అడవి. 1973 ఏప్రిల్ 1న దేశమున పులుల సంరక్షణ పథకము ఆరంభమైనది; 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలము అభయారణ్యము అందు చేరినది. 3,568 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణముతో దేశమందలి అట్టి అడవులలో అప్పటికది మిక్కిలి పెద్దది. 2014లో రాష్ట్రము రెండయిన పిదప కృష్ణకు ఉత్తరపు భాగము 2,611 చదరపు కిలోమీటర్లతో అమ్రాబాదు పేర తెలంగాణకు వచ్చినది. దక్షిణపు భాగము ఆంధ్రప్రదేశమున నిలిచినది. పులికి మాత్రము ఈ పంపకముతో పనిలేదు. ఈ అడవి నడుమ ఫరహాబాదను చోటొకటి కలదు. ఉల్లాసపు తావు అని ఆ పేరునకు అర్థము. నిజాము కాలమున అది వేటవిడిది; నేడు సందర్శకులు జీపులలో పోయి లోయ చూచి వచ్చు స్థలము. తుపాకి పోయి ఛాయాగ్రహణ యంత్రము వచ్చినది. ఇది నిశ్చయముగా మేలైన మార్పే. కాని ఆ పేరులోని పాత ఊహ, అడవి యనగా వచ్చినవాని ఉల్లాసమునకు కలదను ఊహ, అట్లే మిగిలిపోయినది.

విహారము కొరకు గాక భక్తి కొరకు నల్లమలకు వచ్చినవారి కథ చాల ప్రాచీనము. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రమున పర్వత ప్రకరణమంతయు శ్రీశైలమునకు సంబంధించినదే. 1830లో మద్రాసు నుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య బోయీలతో, పరివారముతో ఈ కొండ యెక్కి మల్లికార్జునుని సేవించెను. ఆ దారిని పోవువానికి దప్పికయు, జ్వరమును, మృగభయమును తోడుగా నుండెడివి. ఎంత నీరు మోయగలడో అంత దూరమే నడచును. తాను మోయలేనిది వెంట తేడు. కావున అడవిలో విడిచి పోవునదియు కొంచెమే. ఉగాదికి కన్నడదేశపు భక్తులు నేటికిని నాగలూటి మార్గమున నడచి వచ్చుచున్నారు. అయితే రహదారి పడిన పిమ్మట ఎక్కువమంది ఆ శ్రమ లేకయే శిఖరము చేరుచున్నారు. శ్రమ తొలగుట మంచిదే, ముదుసలులకు దర్శనము లభించినది. కాని పాత యాత్రికుని కాళ్ల నొప్పియే అడవికి కొంత కాపుగా నుండెడిదని ఎవరును తలపరు. కాలు విధించిన ఆ హద్దు చెరిగిపోయినది గనుక నేడు చట్టము విధింపవలసి వచ్చినది.

ఏటేట చైత్రపూర్ణిమకు అమ్రాబాదు అడవిలో జరుగు సలేశ్వరము జాతరను చూచినచో ఈ చిక్కు తెలియును. భక్తులు కొండదారిని నడచి, రాళ్ల మీదుగా లోతైన లోయలోనికి దిగి, జలపాతపు చెంత గుహలోని లింగమయ్యను దర్శింతురు. పూజారులు చెంచులు. పోవునపుడు “వస్తున్నాం లింగమయ్యా” అని దారి పొడవున కేకవేయుదురు. ఇల్లుగలవానికి ముందుగా చెప్పి వాకిట అడుగిడువాని మర్యాద ఆ కేకలో వినబడును. అయితే చైత్రమనగా ఆకులు రాలి, గడ్డి యెండి, అడవి యంతయు నిప్పురవ్వ కొరకు కాచుకొన్నట్లుండు కాలము. వాగులు ఎండి మృగములు మిగిలిన నీటి మడుగులనే నమ్ముకొనును. సరిగా ఆ దినములలోనే వేలకొలది జనము అడవి నడుమ నడచుదురు. ఆర్పని బీడీ ఒక్కటి చాలును. జాతరను మాన్పుట అన్యాయము. అది చెంచుల దేవునిది, ఆ కొండలలో అటవీశాఖ కన్న పాతది. దినములను కొద్దిగా నిర్ణయించుట, రాత్రి బసను తగ్గించుట, నిప్పును, ప్లాస్టిక్‌ను ద్వారము కడనే నిలిపివేయుట న్యాయము. ఈ కట్టుబాట్లను భక్తికి విఘ్నములని నిందించువారు ఆ కేకకు అర్థమేమో ఒకసారి తలచుకొనవలెను.

ఇక వట్టి విహారము కొరకు వచ్చువారి మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అభయారణ్యపు ప్రవేశమును అనుమతికి లోబరచినది. అనుమతి యీదగిన ప్రయోజనములలో పర్యటనను సైతము చేర్చినది. 2012 జూలైలో సుప్రీంకోర్టు పులుల అడవుల కోర్ ప్రాంతములలో పర్యటనను తాత్కాలికముగా ఆపివేసెను. ఆ అక్టోబరులో మార్గదర్శకములు వెలువడిన పిదప నిషేధము తొలగినది. వాటి ప్రకారము కోర్ ప్రాంతములో ఐదవ వంతునకు మించి పర్యటనకు వాడరాదు. హైదరాబాదు–శ్రీశైలము మార్గమున అడవి భాగములో రాత్రి తొమ్మిది మొదలు ఉదయము ఆరు వరకు వాహనములను నిలిపివేయుదురు. దీనిపై విసుగుకొను ప్రయాణికులు పెక్కురు. పులి, చిరుత, కణుజు సంచరించునది ఎక్కువగా ఆ వేళలలోనే యని, దీపపు వెలుగు కన్నులలో పడిన జంతువు దిక్కుతోచక దారి నడుమ నిలిచిపోవునని వారికి తెలిసినచో కొంత శాంతింతురేమో.

“అడవి ప్రభుత్వముది, ప్రభుత్వము ప్రజలది, కావున అడవి మాది, మమ్ము ఆపువారెవరు?” అను తర్కము తరచుగా వినవచ్చును. ప్రభుత్వ గ్రంథాలయములోని పుస్తకము కూడ ప్రజలదే. అందువలన పుటలు చింపుకొని పోవచ్చునని ఏ ఉపాధ్యాయుడును చెప్పడు. మరియొక వాదము దీనికన్న బలమైనది. అడవి నెన్నడును చూడని పట్టణవాసి అడవి కొరకు ఏల పాటుపడును? 2019లో నల్లమలలో యురేనియము త్రవ్వకముల మాట వచ్చినపుడు అడవిపల్లెల వారితోపాటు పట్టణములలోని రచయితలు, విద్యార్థులు, నటులు సైతము గొంతెత్తిరి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ త్రవ్వకములకు ప్రతికూలముగా తీర్మానించెను. కన్నులార చూచినదానిపై గల మమత పటముపై చూచినదానిపై కలుగదు. కావున తలుపులన్నియు మూసివేయుడను వారితో ఏకీభవించుట కష్టము. ఎవరు, ఎంతమంది, ఏ కాలమున, ఎవరి వెంట పోవలెనో తేల్చవలసియున్నది.

ఎవరి వెంట ననుదానికి సమాధానము ఆ అడవిలోనే యున్నది. నల్లమల కంతటికిని దారులు తెలిసినవాడు చెంచు. 1940లో ఆతని నడుమ నుండి పరిశోధన చేసిన హైమన్‌డార్ఫ్ 1943లో ప్రకటించిన గ్రంథమున ఆ తేనె, ఆ దుంపలు, ఆ పెంటల జీవనము సవిస్తరముగా వర్ణితములు. అట్టివానిని పులి కొరకు కోర్ ప్రాంతము విడిచి పొమ్మని అడుగుట, ఆ ప్రాంతమునకే జీపులలో పరులను గొనిపోవుట! ఈ రెండు పనులును ఒక్క ప్రభుత్వపు రెండు చేతులు చేసినచో దానిని సంరక్షణ మనుటకు నోరు రాదు. పునరావాసము ఐచ్ఛికముగానే జరుగవలెనని చట్టము; 2006 నాటి అటవీ హక్కుల చట్టము ఆతని హక్కును గుర్తించినది. కాగితముపై ఐచ్ఛికమైనది నేలపై ఎట్లు జరుగుచున్నదో చూడవలసిన బాధ్యత పట్టణములలో కూర్చుండి పులిని ప్రేమించువారికి కూడ కలదు. రెండు రాష్ట్రములలోను అటవీశాఖ కొందరు చెంచులను కాపరులుగా, మార్గదర్శకులుగా నియమించినది. ఆ కొందరు అందరు కావలెను. సందర్శకుడిచ్చు రుసుములో స్పష్టమైన వాటా పెంటకు చేరవలెను. దారి చూపువాని మాట జీపు నడుపువానికి శిరోధార్యము కావలెను.

భాష చేసిన చిన్న అపకారము కూడ ఒకటి కలదు. చట్టమున అభయారణ్యము కంటె కఠినమైన రక్షణ గల ప్రదేశమును తెలుగున జాతీయోద్యానమని అనువదించిరి. ఉద్యానమని వినగానే పిల్లవాడు ఉయ్యాల యెక్కడ యని వెదకును! ఇప్పుడీ మాట పాతుకొనిపోయినది, పెకలించుట దుష్కరము. హైదరాబాదు నడిబొడ్డున 1998లో ప్రకటితమైన కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానము చుట్టును ఉదయపు నడక సాగించువారికి ఆ పేరు సహజముగనే తోచును. వనస్థలిపురపు చెంతనున్న హరిణ వనస్థలియు అట్టిదే. ఒకనాటి నిజాము వేటభూమి నేడు కృష్ణజింకల నెలవు. నగరవాసి ఉబలాటమునకు ఇట్టివి ప్రతి పట్టణమునకు దాపున పది యుండవలెను. నగరవనముల పేర ప్రభుత్వములు తలపెట్టిన పని యిదే. మార్గములు, బల్లలు, పిల్లల ఆటలు అచట ఉండవచ్చును. కౌటిల్యుని మొదటి వనము అది.

ఉపాధ్యాయులు పిల్లలను నల్లమలకు గొనిపోదలచినచో నలుబదిమందికి మించనిచ్చి, ఒక చెంచు మార్గదర్శకుని వెంట, రెండు గంటలు మాటలేక నడచి, పులిని గాక దాని అడుగుజాడను, కణుజు కొమ్ము రాచిన మ్రానును చూచి రావచ్చును. అన్నము ఇంటి నుండి తెచ్చిన డబ్బాలలో, అడవి వెలుపల. వనభోజనమునకు మాత్రము ఊరి తోపే తగును. అయితే ఆ తోపులు ఇంటిస్థలముల రాళ్లు నాటుకొని చాల యేండ్లయినది. చెరువుగట్టు ఉసిరికలు కొట్టివేసినవారెవరో ఊరిలో అందరికిని తెలియును. పంచాయతీ భూమిలో ఒక యెకరమున ఉసిరిక, మామిడి, నేరేడు నాటుటకు ఏ పులి అనుమతియు అక్కరలేదు. ఈ వర్షాకాలమున నాటినచో ఇప్పుడు ఆరవ తరగతి చదువువారు కళాశాల విడుచునప్పటికి దానిక్రింద విస్తరి వేయవచ్చును.