కిట్ పాడవలేదు సార్, అడ్రసు తప్పు!

"8085 ల్యాబ్ ఎత్తేయాలి, 1976 నాటి చిప్పు ఇప్పుడెందుకు" అని మన ఐటీ మిత్రులు మళ్ళీ మొదలెట్టారు. అయ్యా, చిప్పు ఏం పాపం చేసింది? పాపమంతా రికార్డు బుక్కుది!

గుంటూరు పక్క మా కాలేజీలో (పేరెందుకు లెండి) ప్రోగ్రాము 8000హెచ్‌లో, డేటా 8050హెచ్‌లో పెట్టమనేవారు. ఎందుకండీ అంటే "సీనియర్ల రికార్డులో అలాగే ఉంది". రీసెట్ కొడితే ప్రాసెసర్ 0000హెచ్ నుంచి మొదలెడుతుందనీ, అందుకే అక్కడ రోమ్ ఉంటుందనీ, 64 కేబీలో మిగిలిన ర్యామ్‌ని కోడుకీ, డేటాకీ, స్టాక్‌కీ మనమే పంచాలనీ ఒక్కరూ చెప్పలేదు. స్టాక్ పైనుంచి కిందకి దిగుతుందని నాకు ఉద్యోగంలో చేరాకే తెలిసింది. సిగ్గుచేటు.

పర్చూరు వైపు (ఇప్పుడు బాపట్ల జిల్లా అయింది లెండి) మిర్చి రైతు కొడుకొకడు మా బ్యాచ్‌లో ఉండేవాడు. ఎక్స్‌టర్నల్‌లో సార్టింగ్ ప్రోగ్రాము సొంతంగా రాశాడు, 38 బైట్లు. డేటా 8020హెచ్ నుంచి పెట్టాడు. 20హెచ్ అంటే 32 కదా! పది అంకెలు ఎక్కించేసరికి కోడులో చివరి ఆరు బైట్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఎగ్జామినరు "కిట్ పాడైందేమో" అని ఇంకోటి ఇచ్చారు. అక్కడా అంతే. ఫెయిలు. లాజిక్‌లో ఒక్క తప్పు లేదు. సప్లిమెంటరీ ఫీజు మాత్రం వాళ్ళ నాన్న మిర్చి డబ్బుల్లోంచే.

బఫర్ దాటి రాసే సి కోడు ఇప్పటికీ సర్వర్లను కూలుస్తోంది, అదీ ఈ తప్పుకి చుట్టమే. రికార్డులో ముందు ఒక్క పేజీ మెమరీ మ్యాప్ గీయించండి బాబూ, ల్యాబ్ సంగతి తర్వాత తేల్చుకుందాం.