మెడలో డీఎన్‌ఏ: మెలిక సరిగ్గా తిరిగిందా?

2025లో పది గ్రాముల బంగారం లక్ష రూపాయలు దాటింది. అప్పటి నుంచి మన ఇళ్లలో శుభకార్యం వచ్చినప్పుడల్లా ‘హారం ఎందుకు, తేలికపాటి లాకెట్ చాలదా’ అన్న మాట వినిపిస్తోంది. ఆ లాకెట్లలో ఇప్పుడు కొత్త రకం చేరింది. డీఎన్‌ఏ మెలిక, సెరొటోనిన్, కెఫీన్ వంటి అణువుల ఆకారాలవి. మెడిసిన్‌లో సీటొచ్చిన మనవరాలికో, బయోటెక్నాలజీ చదివే కోడలికో ఇవ్వడానికి బాగుంటాయి. అయితే కొనేముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

ఈ మోజు కొత్తదేమీ కాదు. 1951లో బ్రిటన్ ఉత్సవం కోసం ఇన్సులిన్, హీమోగ్లోబిన్ స్ఫటికాల పటాలను బట్టల మీద, గోడ కాగితాల మీద అచ్చువేశారు. రెండేళ్ల తర్వాత, 1953 ఏప్రిల్ 25న, వాట్సన్, క్రిక్‌ల డీఎన్‌ఏ వ్యాసం ‘నేచర్’లో వచ్చింది. రోజలిండ్ ఫ్రాంక్లిన్ ప్రయోగశాలలో తీసిన ఎక్స్‌రే చిత్రం ఆ నిర్మాణం తేల్చడానికి తోడ్పడింది. వ్యాసంలోని మెలిక బొమ్మ గీసింది క్రిక్ భార్య ఒడిల్. ఆమె చిత్రకారిణి. 2025 నవంబర్‌లో వాట్సన్ 97 ఏళ్ల వయసులో కన్నుమూసినప్పుడు ఆ మెలిక బొమ్మ మళ్లీ అందరి కళ్లముందుకీ వచ్చింది.

అద్దంలో బొమ్మ అసలు బొమ్మ కాదు

మన కణాల్లోని డీఎన్‌ఏ మామూలుగా కుడి మెలిక. లాకెట్‌ను నిలువుగా పట్టుకుని చూస్తే, మనవైపున్న పోగు కింద ఎడమ నుంచి పైకి కుడివైపుకు ఎక్కాలి. మామూలు స్క్రూ మరలు ఎలా ఉంటాయో అలాగే. తలకిందులు చేసినా ఈ దిశ మారదు. కానీ కంప్యూటర్‌లో డిజైన్‌ను అద్దంలోలా తిప్పేస్తే ఎడమ మెలిక అవుతుంది. అప్పుడది మన డీఎన్‌ఏ కాదు, వట్టి మెలికల తీగ.

కమ్మల దగ్గర ఈ పొరపాటు మరీ సులువు. ఒక చెవిది రెండో చెవిదానికి అద్దంలో బొమ్మలా ఉండాలన్నది అలవాటు. డీఎన్‌ఏ కమ్మలను అలా చేస్తే రెంటిలో ఒకటి తప్పే. రెండూ ఒకే దిశలో తిరగాలి. అసలు డీఎన్‌ఏలో ఒక్కో చుట్టుకు సుమారు పది మెట్లుంటాయి. చిన్న లాకెట్‌లో అన్నీ పట్టకపోతే సర్దుకోవచ్చు. దిశ తప్పితే మాత్రం సర్దుకోలేం.

ముద్ర దేనికి, డబ్బు దేనికి

2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలపై ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ తప్పనిసరి. రెండు గ్రాముల లోపు నగలకు మాత్రం హాల్‌మార్క్ మినహాయింపు ఉంది. ఇలాంటి సన్నని లాకెట్లు చాలావరకు ఆ లెక్కలోకే వస్తాయి. కాబట్టి బిల్లులో క్యారెట్, బరువు, మజూరీ విడివిడిగా రాయించుకోవాలి. ముద్ర ఉన్నా అది బంగారం స్వచ్ఛతకే తప్ప ఆకారానికి కాదు. ఆకారాన్ని మనమే చూసుకోవాలి.

సెరొటోనిన్ లాకెట్ వేసుకుంటే మనసు తేలికపడుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. అసలు సెరొటోనిన్‌నే మింగినా అది రక్తం నుంచి మెదడులోకి చేరదు. బొమ్మ ఏం చేస్తుంది?

మనకు దగ్గరి అణువులు

డీఎన్‌ఏ ఒక్కటే ఎందుకు? కణాలకు శక్తినిచ్చే ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కనుగొన్నది భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివిన యల్లాప్రగడ సుబ్బారావు. చర్మానికీ ఎముకకూ బలమిచ్చే కొల్లాజెన్ మూడు పేటల మెలిక అని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచే జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా చెప్పారు. అందులో ఒక్కో పేట ఎడమకు తిరిగితే, మూడూ కలిసి కుడికి పెనవేసుకుంటాయి. తాడు పేనే చేతులకు ఈ కిటుకు తెలిసిందే.

వెండి తీగను మెలిపెట్టి నగ చేసే పని కటక్ తారకాసిలో ఉంది, కరీంనగర్ ఫిలిగ్రీలో ఉంది. రెంటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. అచ్చుపోత నగల పోటీలో పని తగ్గుతున్న మన వీధి ఆచారిగారి చేతిలోనూ ఆ నేర్పు ఉంది. ఆయనకు కావలసింది సరైన బొమ్మ, మెలిక ఎటు తిరగాలో చెప్పేవారు. ఆ బొమ్మ గీసి ఇవ్వగలిగేది ఇంట్లో సైన్సు చదువుతున్న పిల్లలే. వాళ్లను వెంటబెట్టుకుని ఆచారిగారి దగ్గరికి వెళ్దాం. బంగారం ధరలో వెండితోనే చేయించినా, మజూరీ మన ఊరి చేతికే అందుతుంది. మెడలో వేసుకున్న మనవరాలు ‘ఇదేమిటి’ అని అడిగినవాళ్లకు తడబడకుండా జవాబు చెప్పగలుగుతుంది.