గిటార్‌కి ట్యూనర్ కొనేముందు...

"మా బాబుకి పన్నెండేళ్ళు. వేసవి సెలవుల్లో పట్టుబట్టి గిటార్ కొనిపించుకున్నాడు. క్లాసులో మాస్టారు శ్రుతి చేసి ఇస్తే బాగానే మోగుతుంది. ఇంటికొచ్చిన మర్నాటి నుంచీ అపస్వరాలే. 'నాకు రాదులే అమ్మా' అంటూ ఇప్పుడు దాన్ని బీరువా వెనక పెట్టేశాడు. డబ్బు దండగైందని మావారు సణుగుతున్నారు. ట్యూనర్ కొంటే సరిపోతుందని పక్కింటావిడ అంటోంది. ఏది కొనాలి? ఎంతలో వస్తుంది? సంగీతం రాని నేను దాన్ని వాడగలనా?" అని ఒక సోదరి ఉత్తరం రాశారు.

అమ్మా, ముందుగా ఒక్క మాట. పిల్లవాడికి రాదని మీరూ, వాడూ అప్పుడే తేల్చేసుకోకండి. శ్రుతి తప్పిన గిటార్ మీద ఎంత శ్రద్ధగా వేళ్ళు పెట్టినా మంచి నాదం రాదు. మాస్టారు చూపించినట్టే వాయించినా క్లాసులో విన్నట్టు వినిపించకపోతే, తప్పు తనదే అనుకుంటాడు పాపం పసివాడు. ఉప్పు డబ్బాలో పంచదార పోసిపెట్టి, కూర చెడగొట్టావని కోడల్ని అన్నట్టుంటుంది ఇది! "శ్రుతిర్మాతా లయః పితా" అన్నారు మన పెద్దలు. ముందు ఆ తల్లిని సరిచేద్దాం. వాడికి వస్తుందో రాదో తర్వాత చూద్దాం.

శ్రుతి ఎందుకు పోతుంది?

ఉక్కు తీగల గిటార్‌లో ఆరు తీగలూ కలిసి సుమారు 70 కిలోల బలంతో కర్రను లాగుతూ ఉంటాయి. ఎండకీ, వానాకాలపు చెమ్మకీ కర్ర కొద్దికొద్దిగా ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. స్కూటర్ మీద తెచ్చేటప్పుడు బిరడాకి ఏదో ఒకటి తగులుతుంది. కొత్త తీగలైతే మొదటి కొన్ని రోజులు సాగుతూనే ఉంటాయి. అందుకని రోజూ వాయించేముందు శ్రుతి చూసుకోవాల్సిందే. వీణకైనా అంతే కదా! గిటార్ నాసిరకమని కంగారుపడకండి.

ట్యూనర్ చేసే పనేమిటి?

తీగ మీటగానే సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తోందో లెక్కపెట్టి, అది ఏ స్వరమో అక్షరంలో చూపిస్తుంది. ఆ స్వరానికి కాస్త తగ్గితే ముల్లు ఎడమవైపు, ఎక్కువైతే కుడివైపు ఉంటుంది. సరిగ్గా కుదిరితే మధ్యలో నిలబడుతుంది. చాలావాటిలో అప్పుడు పచ్చదీపం వెలుగుతుంది. త్రాసు ముల్లు చూసి కూరగాయలు కొనే మనకి ఇదేమంత బ్రహ్మవిద్య కాదు.

1711లో జాన్ షోర్ అనే ఇంగ్లీషు బాకా విద్వాంసుడు శ్రుతిదండం కనిపెట్టాడు. దాన్ని తట్టి, చెవితో విని కలుపుకోవాలి. జపాన్‌కి చెందిన కోర్గ్ కంపెనీ 1975లో ముల్లుతో చూపించే చేతి ట్యూనర్ తెచ్చింది. ఇప్పుడది బట్టల క్లిప్పంత అయిపోయింది.

మావిడమ్మ గుర్తు

గిటార్‌కి ఆరు తీగలు. లావు తీగ నుంచి సన్న తీగ దాకా వరసగా ఇ, ఏ, డి, జి, బి, ఇ. ఇది గుర్తుండాలంటే మన వంటింటి అలమర చాలు: ఇంగువ, ఏలకులు, డాల్డా, జీలకర్ర, బిర్యానీ ఆకు, మళ్ళీ ఇంగువ. ఒక కాగితం మీద రాసి గిటార్ సంచిలో పెట్టండి.

ఎన్ని రకాలు? మనకేది?

కొనేముందు మీ గిటార్ పక్క చెక్కకి చిన్న బొత్తాలు, తెర ఉన్నాయేమో చూడండి. సెమీ అకూస్టిక్ గిటార్లు చాలావాటికి ట్యూనర్ లోపలే ఉంటుంది. ఉందని తెలియక మరొకటి కొనేవాళ్ళున్నారు.

లేకపోతే పైసా ఖర్చు లేనిది ఫోన్‌లో వేసుకునే ట్యూనర్. గిటార్‌ట్యూనా, ఫెండర్ ట్యూన్ వంటివి ఉచితంగానే వస్తాయి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఇవి బాగానే పనిచేస్తాయి. అయితే ఇవి మైకుతో వింటాయి కాబట్టి మిక్సీ మోగినా, టీవీ మోగినా తికమకపడతాయి. పదిమంది పిల్లలు ఒకేసారి శ్రుతి చేసుకునే క్లాసులో అసలు లాభం లేదు. ఇక రెండో చిక్కు మీకు తెలిసిందే. శ్రుతి కోసమని ఫోన్ తీసుకున్న పిల్లవాడు మళ్ళీ గిటార్ దగ్గరికి ఎప్పుడొస్తాడో చెప్పలేం!

మూడోది, ఇంటికి నేను చెప్పేది, క్లిప్ ట్యూనర్. బిరడాలుండే తల భాగానికి తగిలిస్తే కర్రలో పుట్టే కంపనను నేరుగా పట్టుకుంటుంది. పక్కన కుక్కర్ కూతలేస్తున్నా దానికి పట్టదు. వేదిక మీద కాలితో నొక్కే పెడల్ ట్యూనర్లు కూడా ఉన్నాయి. అవి ఎలక్ట్రిక్ గిటార్ వాయించే పెద్దవాళ్ళకి. మనకి వద్దు.

ఎంత పెట్టాలి?

మామూలు క్లిప్ ట్యూనర్లు సుమారు మూడు వందల నుంచి ఆరేడు వందల లోపు దొరుకుతాయి. కోర్గ్, స్నార్క్, డడారియో, ఫెండర్ వంటి పేరున్న కంపెనీలవి వెయ్యి నుంచి రెండు వేల దాకా ఉంటాయి. ఎక్కువ ఖరీదైతేనే ఖచ్చితంగా చెబుతుందనుకోకండి.

హార్మోనియం మీద ఒక మెట్టుకీ, దాని పక్కనే ఉన్న మెట్టుకీ మధ్య దూరాన్ని నూరు భాగాలు చేస్తే ఒక్కో భాగాన్ని సెంట్ అంటారు. మామూలు చెవికి ఐదారు సెంట్ల లోపు తేడా తెలియదు. కాబట్టి డబ్బా మీద "ప్లస్ ఆర్ మైనస్ 1 సెంట్" అని ఉంటే మన పిల్లలకి ధారాళంగా సరిపోతుంది. అంతకంటే సూక్ష్మమైనదాని కోసం వేలు పోయనక్కర్లేదు. ఆ డబ్బుతో ఒక తీగల సెట్టు అదనంగా కొనిపెట్టుకోండి.

షాపులో చూడాల్సినవి

వీలైతే గిటార్ వెంట తీసుకెళ్ళండి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే వాపసు గడువు ఎన్ని రోజులో చూసి, వచ్చిన రోజే ఈ పరీక్షలు చెయ్యండి.

1. అన్నిటికంటే లావు తీగను బొటనవేలితో మెల్లగా మీటండి. సెకనుకి 82 సార్లు మాత్రమే కంపించే ఈ తీగ దగ్గరే నాసిరకం ట్యూనర్ల బండారం బయటపడుతుంది. అక్షరం రెండు మూడు సెకన్లయినా నిలకడగా ఉండాలి. ఒకసారి ఇ, ఒకసారి బి అంటూ గెంతులేస్తే తిరిగి ఇచ్చెయ్యండి.

2. పచ్చదీపం వచ్చేదాకా శ్రుతి చేసి, అదే తీగను ఫోన్ ట్యూనర్‌తో కూడా చూడండి. ఇద్దరు సాక్షులూ ఒకే మాట చెప్పాలి.

3. "క్రోమాటిక్" అని రాసి ఉన్నదే తీసుకోండి. అంటే పన్నెండు స్వరస్థానాలూ చూపిస్తుందన్నమాట. రేపు చెల్లెలు వయొలిన్ నేర్చుకుంటానన్నా అదే పనికొస్తుంది.

4. క్లిప్ లోపల రబ్బరు ఉండాలి. లేకపోతే గిటార్ పాలిష్ గీతలు పడుతుంది. తెర తిరిగే కీలు వదులుగా ఉంటే నెల తిరక్కుండా విరుగుతుంది.

5. తెర మీద అక్షరం వెలుతురులోనూ, చీకట్లోనూ కనబడాలి. వాడకపోతే దానంతటదే ఆగిపోయేది మంచిది. పిల్లలకి ఆపడం గుర్తుండదు కదా!

బ్యాటరీతో భద్రం!

వీటిలో చాలావరకు సి.ఆర్.2032 అనే బిళ్ళ బ్యాటరీ వేస్తారు. గడియారాల షాపుల్లో దొరుకుతుంది. చూడ్డానికి రూపాయి బిళ్ళలా మెరుస్తుంటుంది కాబట్టి పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటారు. అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చేస్తుంది. ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఇంట్లో ఐదేళ్ళ లోపు పిల్లలుంటే బ్యాటరీ మూతకి స్క్రూ ఉన్నది కానీ, ఛార్జింగ్ పెట్టుకునేది కానీ కొనండి. వాడేసిన బిళ్ళకి రెండు వైపులా టేపు చుట్టి పిల్లలకి అందకుండా పారేయించండి. పొరపాటున మింగారని అనుమానమొచ్చినా సరే, వాంతి చేయించే ప్రయత్నం చెయ్యకుండా, నొప్పి వచ్చేదాకా ఆగకుండా, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇంట్లో శ్రుతి చేసే పద్ధతి

ముందుగా ట్యూనర్ తెర మీద 440 అన్న అంకె ఉందో లేదో చూడండి. ఏ స్వరానికి సెకనుకి 440 కంపనలు ఉండాలని 1955లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ సిఫారసు చేసింది. క్లాసులో అందరూ దీనికే కలుపుకుంటారు. చెయ్యి తగిలి అది 435కో, 445కో మారితే ఇంట్లో సరిగ్గా ఉన్న గిటార్ క్లాసులో మిగతావాళ్ళతో కలవదు. తప్పెక్కడో ఎవరికీ అర్థం కాదు.

తర్వాత ఒక్కో తీగనే మీటండి. మిగతావాటి మీద అరచెయ్యి ఆనించి మోగకుండా చూడండి. మీటగానే ముల్లు కాస్త ఎగిరిపడుతుంది. అది సర్దుకున్నాకే చూడాలి. అక్షరాల వరస ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, ఆ తర్వాత మళ్ళీ ఏ. ఇ రావాల్సిన చోట డి చూపిస్తే తీగ వదులైందని అర్థం, బిగించాలి. ఎఫ్ చూపిస్తే వదలాలి. అక్షరం పక్కన హ్యాష్ గుర్తు ఉంటే అర మెట్టు ఎక్కువని. మరీ ఎక్కువైతే కాస్త కిందికి దింపి, మళ్ళీ బిగిస్తూ పైకి వచ్చి ఆపండి. అలా చేస్తే శ్రుతి నిలుస్తుంది. ఆరూ అయ్యాక మళ్ళీ మొదటి తీగ నుంచి ఒకసారి చూడండి. ఒకటి బిగిస్తే మరొకటి కొద్దిగా జారడం మామూలే.

ఒక జాగ్రత్త. ట్యూనర్‌కి అక్షరమే తెలుసు, స్థాయి తెలియదు. మంద్రంలో ఉన్నా, తారంలో ఉన్నా ఇ అనే అంటుంది. కావలసిన ఇ దాటిపోయి తర్వాతి ఇ కోసం బిగించుకుంటూ పోతే సన్న తీగ టప్పున తెగుతుంది. తీగ మరీ బిగుతుగా తోస్తే ఆపెయ్యండి. బిగించేటప్పుడు మొహం తీగల మీదికి వంచవద్దని పిల్లలకి చెప్పండి.

తప్పు గిటార్‌దైతే?

ఆరు తీగలూ పచ్చదీపం చూపించినా పాట మాత్రం అపశ్రుతిగానే ఉంటోందా? అయితే పన్నెండో మెట్టు మీద తీగ నొక్కి మీటండి. ఉత్త తీగకి ఏ అక్షరం వచ్చిందో అదే రావాలి, ముల్లు దాదాపు మధ్యలోనే ఉండాలి. బాగా పక్కకి పోతోందంటే లోపం గిటార్‌లోనో, పాత తీగల్లోనో ఉంది. కొత్త ట్యూనర్ కొన్నా ప్రయోజనం లేదు. ముందు తీగలు మార్చి చూడండి. అప్పటికీ అంతే అయితే బాగుచేసేవాళ్ళకి చూపించాలి.

చెవిని మరవకండి

ట్యూనర్ ఉంది కదా అని చెవికి పని తగ్గించకూడదు. వారానికి రెండు రోజులు ఐదో తీగ ఒక్కటే ట్యూనర్‌తో కలిపి, మిగతావి వాడినే చెవితో కలపమనండి. ఆరో తీగను ఐదో మెట్టు మీద నొక్కితే ఐదో తీగ స్వరం రావాలి. ఐదో తీగను ఐదో మెట్టు మీద నొక్కితే నాలుగోది, నాలుగోదాని ఐదో మెట్టు మీద మూడోది వస్తాయి. మూడోదాన్ని మాత్రం నాలుగో మెట్టు మీద నొక్కితే రెండోది వస్తుంది. రెండోదాన్ని మళ్ళీ ఐదో మెట్టు మీద నొక్కితే మొదటిది. అంతా అయ్యాక ట్యూనర్ పెట్టి మార్కులు వేసుకోమనండి. మొదట్లో ఆరుకి రెండే వచ్చినా ఏమీ అనవద్దు. ఈ పరీక్షలో రోజురోజుకీ మార్కులు పెరగడం వాడికే సరదాగా ఉంటుంది.

చిన్నప్పుడు పాట నేర్చుకుని, పెళ్ళయ్యాక మానేసిన అమ్మలు మనలో ఎంతమందో! మీది ఐదు శ్రుతి అయితే గిటార్ మూడో తీగ, జీలకర్ర తీగ, సరిగ్గా మీ షడ్జమమే. ఆరు శ్రుతి అయితే ఐదో తీగ మీ మంద్ర షడ్జమం. పిల్లవాణ్ణి ఆ తీగ మీటమని, మీరు సరళీ స్వరాలు అందుకోండి. బీరువా వెనక నుంచి గిటార్‌ని బయటికి తీయించడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు తోచడం లేదు.