పెన్నుకు పూజ, మౌసుతో పరీక్ష

మా మేనల్లుడు డిగ్రీ అయ్యాక, లా కాలేజీల ప్రవేశపరీక్ష లాసెట్‌కు చదువుతున్నాడు. మొన్న వాళ్ళింటికి వెళితే దేవుడి గూట్లో పసుపు పూసి బొట్టు పెట్టిన పెన్ను కనిపించింది. కోనసీమలో అయినవిల్లి వినాయకుడి గుళ్ళో లక్ష పెన్నులకు పూజ చేసి పిల్లలకు పంచుతారు కదా, అక్కడిదట.

"ఒరే, లాసెట్ కంప్యూటర్ మీద కదా? పెన్ను దేనికి?" అన్నాను.

"రఫ్ వర్కుకి మామయ్యా."

అక్క నవ్వలేదు. "నీకన్నీ వెటకారమేరా," అంది.

వాడి నోట్సు తిరగేశాను. రాజ్యాంగంలో ప్రాథమిక విధులు, 42వ సవరణ, 1976. 51-ఎ అధికరణంలో శాస్త్రీయ దృక్పథం, మానవతావాదం, ప్రశ్నించే తత్వం పెంపొందించుకోవడం పౌరుడి విధి అని చెప్పే క్లాజు కింద పచ్చ స్కెచ్చుతో గీత ఉంది. పరీక్షలో బిట్టొస్తుందని గీసుకున్నాడు. అది తనకే వచ్చిన తాఖీదని వాడికి తోచినట్టు లేదు.

అక్క చిలుకూరు బాలాజీ గుడికి వెళ్ళి 11 ప్రదక్షిణలు చేసొచ్చింది. సీటొస్తే 108. "అక్కడ 108 తిరిగేవాళ్ళను చూడు, ఎంతమందికి పనయిందో నీకే తెలుస్తుంది," అంది. నిజమే, తిరిగేవాళ్ళు బోలెడుమంది. మరి పని కానివాళ్ళెక్కడ? సీటు రాని కుర్రాడు మళ్ళీ వచ్చి, నా మొక్కు ఫలించలేదని చెప్పి పదకొండు చుట్లు వెనక్కి తిరగడు. ఇంట్లో కూర్చుని, మొక్కులో ఏదో లోపం జరిగిందని తననే తిట్టుకుంటాడు. ఆ గుడి ఆవరణలో కనిపించేది ఒక పక్షం సాక్షులే. రెండో పక్షానికి నోటీసే అందలేదు. రేపు మావాడు నల్లకోటు వేసుకున్నాక ఎదుటి వకీలు ఇలాంటి సాక్ష్యం తెస్తే ఊరుకుంటాడా?

ఇక లెక్క చూద్దాం. లాసెట్‌లో 120 ప్రశ్నలు, గంటన్నర సమయం. తప్పు జవాబుకు కోత లేదు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు (ఎస్సీ, ఎస్టీలకు ఆ నిబంధనా లేదు). ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు కాబట్టి ఏమీ చదవనివాడు కళ్ళు మూసుకుని నొక్కుతూపోయినా సగటున 30 వస్తాయి. పదహారింటికి జవాబు తెలిసి, మిగతా 104 గుడ్డిగా నొక్కితే ఇంకో 26. మొత్తం 42! ఈ గీత దాటిన ప్రతి ఇంట్లోనూ ఒక పెన్నుకో, ఒక తాయెత్తుకో మహిమ అంటుకుంటుంది. మంచి కాలేజీలో సీటిచ్చే ర్యాంకు సంగతి వేరు. అంత దూరం గుడ్డి నొక్కుడు తీసుకెళ్ళదు.

జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశపరీక్ష క్లాట్ రాసేవాళ్ళది ఇంకో తమాషా. ఈమధ్య ఆ పరీక్ష డిసెంబరులో ఆదివారం మధ్యాహ్నం రెండింటికి పెడుతున్నారు. పంచాంగం ప్రకారం ఆదివారం యమగండం పన్నెండు నుంచి ఒకటిన్నర. పిల్లలు సెంటర్లకు చేరేదీ సుమారుగా అప్పుడే. హైదరాబాదు లా యూనివర్సిటీ నల్సార్‌లో సీట్లు తెచ్చుకున్నవాళ్ళలో ఎందరు యమగండంలో గేటు దాటారో!

పెన్నుతో పోయేదేమీ లేదు, అక్క భయం కొంత తగ్గితే మంచిదే. నాకు కోపం తెప్పించేది వేరే. మా వీధిలో ఒకమ్మాయికి గురుబలం లేదని జాతకం చూసినాయన చెబితే, ఇంట్లోవాళ్ళు ఆ ఏడు పరీక్ష ఫీజే కట్టలేదు. ఏడాది పోయింది. ఆయన మాట తప్పని తేల్చే దారి కూడా లేదు, పరీక్షే రాయలేదు కదా!

కోర్టులు చూసుకుంటాయిలే అనుకోడానికీ లేదు. విశ్వవిద్యాలయాల్లో జ్యోతిష్యం కోర్సులు పెట్టాలని యూజీసీ పూనుకుంటే, హైదరాబాదులో సీసీఎంబీ పరిశోధన సంస్థను స్థాపించిన పి.ఎం. భార్గవ హైకోర్టుకు, అక్కణ్ణుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. నిపుణుల సంఘం నిర్ణయంలో తలదూర్చబోమని 2004లో సుప్రీంకోర్టు ఆయన కేసు కొట్టేసింది. ఈ తీర్పు మావాడి నోట్సులో లేదు. రాసుకోమన్నాను.

సాయంత్రం వాడికి మాక్ టెస్టు పెట్టి, గంటన్నరకు అలారం నేనే పెట్టాను. లెక్కలొచ్చినప్పుడల్లా గూట్లో పెన్ను తీసి రఫ్ కాగితం నింపాడు. బాగానే రాస్తోంది, ఆ మాట ఒప్పుకోవాలి.